నిలబడి నీళ్ళు తాగడం

పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్న సామెత మా నాయనమ్మ నోట రోజుకొక్కసారైనా వచ్చేది. వేలూరు నుంచి మద్రాసు చేరి స్థిరపడిన మా కుటుంబంలో తెలుగు చదవడం తరం తరానికీ తగ్గుతూ వచ్చింది గాని సామెతలు మాత్రం చెక్కు చెదరలేదు. ఇతర భాషల సంగతి నాకు తెలియదు. మన భాషలో మాత్రం పరుగుకు గౌరవం తక్కువ. ఉరుకులు పరుగుల బతుకు అంటే నెమ్మది లేని బతుకని అర్థం. పరుగెత్తేవాడు దొంగ అయినా కావాలి, దొంగను తరిమేవాడైనా కావాలి. ఎవరూ తరమకుండా, ఏ పనీ లేకుండా, పైగా ఎదురు డబ్బు కట్టి నలభై రెండు కిలోమీటర్లు పరుగెత్తే నడివయసు మనిషికి మన వాడుకలో ఒక పేరంటూ లేదు.

అలాంటి మనిషి తన గురించి తాను రాసుకున్న పుస్తకం ఒకటి ఈ మధ్య మూడోసారి చదివాను. జపాను నవలాకారుడు హరుకి మురకామి రాసిన 'వాట్ ఐ టాక్ అబౌట్ వెన్ ఐ టాక్ అబౌట్ రన్నింగ్'. జపాను భాషలో 2007లో వచ్చింది. ఫిలిప్ గేబ్రియల్ చేసిన ఇంగ్లీషు అనువాదం 2008లో వచ్చింది. ఆ పొడుగాటి పేరు రేమండ్ కార్వర్ అనే అమెరికన్ కథకుడి సంపుటి పేరుకు అనుసరణ. కార్వర్ కథలను జపాను భాషలోకి తెచ్చింది మురకామియే.

నేను సాహిత్య విమర్శకుణ్ణి కాను. బి.కాం. చదివి ముప్పయ్యేళ్ళకు పైగా బ్యాంకులో లెక్కలు చూసినవాణ్ణి. అయినా ఈ పుస్తకం గురించి రాయడానికి నాకు ఒక హక్కు ఉన్నదనుకుంటున్నాను. ఈ పుస్తకం చదివి నేను పరుగు మొదలుపెట్టాను. ఈ పుస్తకాన్ని తప్పుగా చదివి ఒకనాడు ఎండలో పడిపోయాను. ఒక పుస్తకం వల్ల లాభమూ నష్టమూ రెండూ చూసినవాడు దాని జమా ఖర్చు రాయడం న్యాయమే కదా.

* * *

మురకామి 1949లో పుట్టాడు. టోకియోలో జాజ్ సంగీతం వినిపించే చిన్న బారు నడిపేవాడు. రచయిత అయ్యాక ఆ వ్యాపారం అమ్మేసి, రోజుకు అరవై సిగరెట్లు కాల్చే అలవాటు మాని, 1982లో, ముప్పయి మూడో ఏట పరుగు మొదలుపెట్టాడు. అప్పటి నుంచి ఏడాదికొక మారథాన్ పరుగెత్తాడు. ఈ పుస్తకం రాసేనాటికి అతని వయసు యాభై ఆరు, యాభై ఏడు. న్యూయార్క్ మారథాన్‌కు తయారవుతూ, హవాయిలోనూ అమెరికాలోని కేంబ్రిడ్జిలోనూ ఉంటూ, 2005, 2006 సంవత్సరాల్లో రాసుకున్న నోట్సు వంటి రచన ఇది. కథ లేదు. ప్రేమ లేదు. శత్రువు లేడు. పొద్దున్నే లేచి పరుగెత్తిన మనిషి, ఇంటికి వచ్చి కూచుని రాసుకున్నాడు. అంతే.

అంతేనా అంటే, అంతే కాదు. ఈ పుస్తకం అసలు విషయం తరుగు. బ్యాంకు మనిషిగా నాకు ఆ మాటే తోచింది. ఏ యంత్రానికైనా ఏటేటా తరుగు రాసి దాని విలువ తగ్గిస్తాం. ఇది నష్టం కాదు, నిజం ఒప్పుకోవడం. నలభైలు దాటాక మురకామి ఎంత సాధన చేసినా పరుగు వేగం తగ్గుతూ వచ్చింది. ఎందుకో మొదట అతనికి అర్థం కాలేదు. తప్పు సాధనలో ఉన్నదేమోనని వెతికాడు. చివరకు ఆ తరుగును తన ఖాతాలో తానే రాసుకున్నాడు. ఛార్లెస్ నది గట్టున హార్వర్డ్ అమ్మాయిలు జుట్టు ముడి ఊపుకుంటూ తనను దాటిపోతుంటే అసూయ పడకుండా చూసే పేజీలు ఇందులో చాలా బాగుంటాయి. వయసు మీద మనవాళ్ళు రాసినవాటిలో వైరాగ్యం ఉంటుంది, లేకపోతే హాస్యం ఉంటుంది. ఇందులో ఆ రెండూ కాని ఒక నిబ్బరం ఉన్నది. ఖాతా సరిచూసుకున్నవాడి నిబ్బరం అది.

* * *

పుస్తకంలో నా దృష్టిలో అన్నిటికంటే గొప్ప అధ్యాయం మూడోది. అది ఎండ గురించిన అధ్యాయం.

1983 జులైలో ఒక పత్రిక కోసం మురకామి గ్రీసు వెళ్ళాడు. ఏథెన్స్ నుంచి మారథాన్ అనే ఊరి దాకా, అంటే పాత కథలోని దారికి ఎదురు దిశలో, ఒంటరిగా పరుగెత్తాలి. అప్పటికి అతను పూర్తి మారథాన్ దూరం ఎన్నడూ పరుగెత్తలేదు. వెంట వ్యానులో వచ్చిన ఫోటోగ్రాఫర్, ఇతను నిజంగానే మొత్తం దూరం పరుగెత్తబోతున్నాడని తెలిసి ఆశ్చర్యపోయాడు. ఇలాంటి వ్యాసాలకు వచ్చేవాళ్ళు నాలుగు ఫోటోలు దిగి వెళ్ళిపోతారని అతని అనుభవం. తెల్లవారుతుండగా బయలుదేరి, 3 గంటల 51 నిమిషాల్లో మురకామి ఆ ఊరు చేరాడు.

ఈ అధ్యాయంలో వీరత్వం లేదు. సూర్యుడు పైకి వచ్చేకొద్దీ రచయిత మర్యాద కరిగిపోతుంది. చెమట పట్టినట్టే పట్టి ఆరిపోయి ఒంటి మీద ఉప్పు మిగులుతుంది. రోడ్డు మీద చచ్చిపడిన కుక్కలనూ పిల్లులనూ లెక్కపెడుతూ పోతాడు. ఏమీ తోచనప్పుడు లెక్కపెట్టడం ఎంత ఊరటో నాకు తెలుసు. చల్లటి బీరు తప్ప మరొకటి తలపుకు రాదు. చివరి కిలోమీటర్లలో వ్యానులో వస్తున్నవాళ్ళ మీద, దారి పక్క మేస్తున్న గొర్రెల మీద, సమస్తం మీద కోపం వస్తుంది. తీరా చేరి బీరు తాగితే, అది దారి పొడుగునా ఊహించుకున్న బీరంత బాగా లేదు. ఇంత నిజం ఆత్మకథల్లో అరుదుగా కనిపిస్తుంది. కోరిక తీరిన క్షణం కోరికంత గొప్పది కాదని మన పెద్దలు వేదాంతంగా చెప్పిన సంగతిని అతను ఒక గ్లాసులో చూపించాడు.

మన ప్రాంతాల పాఠకులు ఈ అధ్యాయం చదివేటప్పుడు ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. గ్రీసు ఎండ పొడి ఎండ. చెమట ఆరి ఉప్పు మిగిలిందంటే ఒళ్ళు చల్లబడే పని సక్రమంగా జరిగిందన్నమాట. పరుగెత్తే మనిషి ఖర్చు చేసే శక్తిలో నూటికి ఇరవై, ఇరవై అయిదు వంతులే కదలికగా మారుతుంది. మిగిలిందంతా వేడే. ఆ వేడిని బయటికి పంపేది చెమట కాదు, చెమట ఆరడం. షోలాపూరులో మే నెల ఎండ మండిస్తుంది గాని చెమటను ఆరనిస్తుంది. మద్రాసులో, బరంపురంలో, యానాంలో గాలి నిండా తేమ ఉంటుంది. చెమట ఆరదు, కారుతుంది. కారిన చెమట బ్యాంకులో వసూలు కాని బాకీ లాంటిది. పద్దులో కనిపిస్తుంది, పనికి రాదు. పైగా వయసు మళ్ళినకొద్దీ చెమట తగ్గుతుంది, చర్మానికి వెళ్ళే రక్తం తగ్గుతుంది, దాహం వేయడం కూడా తగ్గుతుంది. ఒంటికి నీళ్ళు కావాలన్న నోటీసు ఆలస్యంగా అందుతుంది. అలాగని భయపడి దాహానికి మించి కడవలకొద్దీ నీళ్ళు తాగితే రక్తంలో ఉప్పు పలచబడి ప్రాణం మీదికి రావచ్చు. రెండు వైపులా గొయ్యి ఉన్న దారి ఇది.

* * *

ఇంత మంచి మూడో అధ్యాయం రాసిన రచయితే ఆరో అధ్యాయం కూడా రాశాడు. నాకు వచ్చిన చిక్కు అక్కడే.

అది 1996లో హొక్కైడో దీవిలో సరోమా సరస్సు చుట్టూ జరిగిన నూరు కిలోమీటర్ల పరుగు. సగం దూరం దాటాక కాళ్ళు మొరాయించాయి. అప్పుడతను తాను మనిషిని కాననీ, యంత్రాన్ననీ తనకు తానే చెప్పుకుంటూ ముందుకు సాగాడు. డెబ్బై అయిదో కిలోమీటరు దగ్గర ఏదో గోడలోంచి అవతలికి దాటిపోయినట్టు అయింది. ఆ తరువాత అలసట లేదు, తాను అనే స్పృహ లేదు. 11 గంటల 42 నిమిషాలకు ముగించాడు. ఒక్క అడుగు కూడా నడవలేదు. ఆ నడవకపోవడమే అతనికి గొప్ప. తన సమాధి మీద ఏం రాయాలో ఊహించుకుంటూ కూడా, చివరిదాకా నడవలేదనే అర్థం వచ్చే మాటనే కోరుకుంటాడు.

ఈ అధ్యాయం అద్భుతంగా ఉంటుంది. అపాయం కూడా అందులోనే ఉన్నది. మూడో అధ్యాయంలో శరీరం మాట్లాడుతుంది, రచయిత రాసుకుంటాడు. ఆరో అధ్యాయంలో రచయిత మాట్లాడతాడు, శరీరం నోరు మూసుకోవాలి. నొప్పి వేరు, బాధ వేరు అని మరో పరుగుగాడి దగ్గర నేర్చుకున్న సూత్రం ఒకటి పుస్తకం మొదట్లోనే వస్తుంది. చల్లటి హొక్కైడోలో ఆ సూత్రం నిలిచింది. మరి వేడిలో? వేడిలో వచ్చేది నొప్పి కాదు, సమాచారం. దాన్ని బాధ కింద లెక్కగట్టి కొట్టివేస్తే ఖాతాయే మునుగుతుంది.

నాకిది తెలిసిన వైనం చెబుతాను. 2022 మార్చిలో సముద్ర తీరం వెంట జరిగిన ఒక మారథాన్‌లో పాల్గొన్నాను. పేరు అనవసరం. అప్పుడు నాకు యాభై నాలుగు. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాం. ముప్పయ్యో కిలోమీటరు దాటేసరికి పొద్దు ఎక్కింది. ముప్పయి నాలుగు దగ్గర ఎండలో నాకు చలి వేసింది. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఇది మంచిది కాదని నాకు తెలుసు, చదివి ఉన్నాను. కాని తలలో ఆరో అధ్యాయం తిరుగుతున్నది. నేను యంత్రాన్ని, నడవకూడదు. ముప్పయి ఏడు దగ్గర రోడ్డు అంచున పడిపోయాను.

కళ్ళు తెరిచేసరికి రోడ్లు ఊడ్చే ఒకామె తన సీసాలో నీళ్ళు నా తల మీద, మెడ మీద పోస్తున్నది. తడి తువ్వాలు వేసి అట్టముక్కతో విసురుతున్నది. నేనేదో తెలుగులో గొణిగి ఉంటాను. "లెయ్యొద్దు సామీ, పండుకో. కొంచెం కొంచెంగా తాగు" అన్నది. మద్రాసులో వీధులు ఊడ్చేవాళ్ళలో తరాల కిందట వచ్చిన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారని తెలిసినా, ఆ మాట నా చెవిలో పడడం అదే మొదలు. వాళ్ళ తాత నెల్లూరు వైపు నుంచి వచ్చాడట. పందెం తాలూకు ఆంబులెన్సు వచ్చిందాకా ఆమె కదలలేదు. తరువాత చీపురు తీసుకుని, అదే ఎండలో, పరుగెత్తేవాళ్ళు పారేసిన కాగితం కప్పులు ఊడ్చుకుంటూ వెళ్ళింది. ఉద్యోగమంతా ఖాతాదారుల పేర్లు మూడు కాగితాల మీద రాయించుకున్నవాణ్ణి, ఆమె పేరు అడగలేదు.

* * *

న్యాయంగా చెప్పాలంటే తప్పు మురకామిది కాదు. అందరూ పరుగెత్తాలని అతను ఎక్కడా అనలేదు. తన స్వభావానికి సరిపోయింది కనక పరుగెత్తుతున్నానని మాత్రమే అన్నాడు. ఒక పుస్తకంలో మనకు పొగరు నేర్పే అధ్యాయాన్ని తీసుకుని, బుద్ధి నేర్పే అధ్యాయాన్ని వదిలేయడం పాఠకుడి తప్పు. అయితే ఆ పడిపోయిన రోజు తరువాత మళ్ళీ చదివినప్పుడు ఇందులో ఒక లోటు కనిపించింది. అది రచయితదే. ఈ పుస్తకంలో నీళ్ళు ఇచ్చేవాళ్ళు లేరు.

ఉన్నారు, కాని కనిపించరు. ఏథెన్స్ దారిలో వెంట వ్యాను వచ్చింది, నీళ్ళు అందాయి. ఆ అందించిన చేతులకు పేజీల్లో చోటు తక్కువ. ఒంటరితనం ఇష్టమని రచయిత దాచకుండా చెబుతాడు. ఇష్టాన్ని తప్పు పట్టలేం. కాని ఎండలో ఒంటరి పరుగు అనేది ఒక సాహిత్య కల్పన. ఎండలో ఎవ్వరూ ఒంటరిగా పరుగెత్తరు. 1896లో ఏథెన్స్‌లో మొట్టమొదటి ఒలింపిక్ మారథాన్ గెలిచిన స్పిరిడాన్ లూయిస్ వృత్తి నీళ్ళు మోయడం. ఈ ఆట మొదలే నీళ్ళు మోసేవాడితో జరిగింది.

ఈ పుస్తకం పక్కన పెట్టుకుని చదవవలసిన కథ మరో జపానువాడిది ఉన్నది. 1912లో స్టాక్‌హోం ఒలింపిక్స్ మారథాన్ మండుటెండలో జరిగింది. బయలుదేరినవాళ్ళలో సుమారు సగం మందే గమ్యం చేరారు. పోర్చుగల్‌కు చెందిన ఫ్రాన్సిస్కో లజారో ఎండ తగలకుండా ఒంటికి మైనం పూసుకున్నాడు. చెమట రంధ్రాలు మూసుకుపోయి పడిపోయి మరునాడు చనిపోయాడు. జపాను నుంచి పద్ధెనిమిది రోజులు ఓడలోనూ రైల్లోనూ ప్రయాణం చేసి వచ్చిన షిజో కనకురి దారిలో తూలిపడుతూ ఒక ఇంటి తోటలోకి వెళ్ళాడు. ఆ ఇంటివాళ్ళు పళ్ళరసం ఇచ్చి పడుకోబెట్టారు. సిగ్గుపడి, అధికారులకు చెప్పకుండా స్వదేశం వెళ్ళిపోయాడు. 1967లో స్వీడన్‌వాళ్ళు అతన్ని పిలిచి పరుగు పూర్తి చేయించారు. అప్పుడతని వయసు డెబ్బై అయిదు. నమోదైన కాలం 54 సంవత్సరాల 8 నెలల 6 రోజుల చిల్లర. ఇంత పాత బాకీ ఇంత గౌరవంగా తీరిన కేసు నా సర్వీసులో నేను చూడలేదు. లజారో ఆగలేదు. కనకురి ఆగాడు, నీడలో తాగాడు, బతికాడు, తిరిగొచ్చాడు. నిలబడి నీళ్ళు తాగడం మేలన్న మా నాయనమ్మ మాట స్వీడన్‌లో రుజువైంది.

మరొక పుస్తకం మన మద్రాసు తెలుగువాళ్ళదే. ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్ ఉద్యోగి, యాభై ఏళ్ళ మనిషి, 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరాడు. అంటే కర్తరి ఎండల్లో. ఏ మజిలీలో నీళ్ళు ఎలా ఉన్నాయి, అంగళ్ళు ఎన్ని, దారి ఇసుకా రాయా, అన్నీ రాసిపెట్టాడు. అతనూ నా వంటి ఉద్యోగస్థుడే, లెక్క మనిషే. అయితే అతను ప్రయాణం చేసింది పల్లకిలో. ఎండలో బరువుతో అడుగులు వేసింది బోయీలు. మన సాహిత్యంలో ఎండలో పరుగెత్తేవాళ్ళ కోసం వెతికితే దొరికేది వాళ్ళే. వాళ్ళ చేతి రాత మనకు లేదు. మురకామి తన బరువు తానే మోసుకుని తన కథ తానే రాసుకున్నాడు. అది ఆధునికుడి ఘనత, ఒప్పుకోవలసిందే. కాని వినోదానికి ఎండలోకి వెళ్ళేవాడి పక్కనే, బతుకు తెరువుకు ఎండలోకి వెళ్ళేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వీరాస్వామయ్య పుస్తకంలో ఆ బోయీలు వెంట ఉన్న సంగతి మనం మరిచిపోలేం. మురకామి పుస్తకంలో మరిచిపోగలం. రెండు శతాబ్దాల నాటి మా ఊరి పుస్తకం ఈ ఒక్క విషయంలో మెరుగనిపించింది.

* * *

ఇంతా అన్నాక, ఈ పుస్తకం చదవమనే చెబుతాను. వయసు తరుగును దాచకుండా పద్దు రాసిన పుస్తకాలు ఎక్కువ లేవు. న్యూయార్క్‌లో తాను అనుకున్నట్టు పరుగెత్తలేకపోయానని రాసి, ఆ తరువాత కూడా మరో పందేనికి తయారైన మనిషి మీద గౌరవం కలుగుతుంది. చివరి అధ్యాయంలో అతను పాల్గొన్న ట్రయథ్లాన్ జరిగిన ఊరి పేరు కూడా మురకామియే. తన పేరున్న ఊరికి తాను చేరుకోవడంతో పుస్తకం ముగుస్తుంది. కావాలని అమర్చినా ఇంత కుదరదు.

మరుసటి సంవత్సరం నేను మళ్ళీ మారథాన్‌కు వెళ్ళాను. ప్రతి చలివేంద్రం దగ్గరా ఆగాను. అక్కడ పిల్లలు నీళ్ళు, నీరుమజ్జిగ, అరటిపండు ముక్కలు ఇస్తున్నారు. ఆగి, నిలబడి, వాళ్ళ మొహాలు చూసి, తాగి, తరువాత నూరు అడుగులు నడిచి, మళ్ళీ పరుగెత్తాను. ఆరు గంటలకు పన్నెండు నిమిషాలు తక్కువ పట్టింది. మురకామి లెక్కలో అది పరుగు కాదు. మా నాయనమ్మ లెక్కలో అసలు పరుగే కూడదు. ఇద్దరి లెక్కలకూ మధ్య ఎక్కడో నా ఖాతా సరిపోయింది.

పుస్తకం దొరికితే మొదట మూడో అధ్యాయం చదవండి. మే నెల మధ్యాహ్నం, పక్కన మజ్జిగ చెంబు పెట్టుకుని చదివితే మరీ మంచిది. ఆరో అధ్యాయం కూడా చదవండి. చదివాక కాసేపు ఆగండి.